ఎడమ పక్క గీత

వరండాలోంచి, ఎండ ఇంకా ఎక్కని వేళ

పిచ్చుకా,

ముందు నీ తప్పు దిద్దనీ, క్షేమసమాచారాలు తర్వాత. ‘బోటాక్సన్నా ఫిల్లరన్నా ఒకటేగా అక్కా’ అని రాశావు. ఒకటి కాదు. బోటాక్సు కండరాన్ని కదలకుండా పడుకోబెడుతుంది. ఫిల్లరు గుంట పడిన చోట ఏదో ఒకటి కూరి ఎత్తు చేస్తుంది. తలుపుకి గొళ్ళెం పెట్టడమూ, గోడకి పడ్డ చిల్లు పూడ్చడమూ ఒకటే అనుకునే మనిషివి, నీ ఇంటి మరమ్మతులు ఎలా చేయించుకుంటున్నావో ఏమో.

మీ షాపుకొచ్చే ‘ఒక కస్టమరు’ ఈ ఫిల్లర్లు ఎన్ని రకాలో కనుక్కోమందన్నావు. కళ్లద్దాలు కొనడానికొచ్చినావిడకి ముఖం పూడ్చే మందుల గొడవెందుకు? మీ చిన్న ఓనరు కొత్త కౌంటరేమన్నా తెరిచాడా? సరే, అడిగింది గనక చెప్తాను. జన్మంతా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ప్రశ్న కనపడితే చెయ్యి ఊరుకోదు.

మొదటిది హైయాలురోనిక్ ఆమ్లం. ఆమ్లం అనగానే జడుసుకోవద్దను. అది మన చర్మంలో, కీళ్ళలో, కంట్లో పుట్టుకతోనే ఉండే జిగురు. నీళ్ళు పట్టి ఉంచడం దాని పని. కొన్ని నెలలో, ఏడాదో, ఇంకాస్తో ఉండి మెల్లగా పోతుంది. నచ్చకపోతే ఒక ఎంజైము గుచ్చి కరిగించేయొచ్చు. మనిషి చేసే తప్పుల్లో కరిగిపోయేవి తక్కువ, కాబట్టి తప్పు చేసే తీరాలంటే ఇదే చెయ్యమను.

రెండోది కాల్షియం రకం. ఎముకల్లో, పళ్ళలో ఉండే పదార్థాన్నే సన్నటి గుళికలు చేసి జెల్‌లో కలుపుతారు. గట్టిగా నిలబడుతుంది. కరిగించే మందు లేదు, దానంతటది అరిగిపోయేదాకా భరించాలి. పెదాల్లో వేయకూడదు, గడ్డలు కడుతుంది. మూడోది లాక్టిక్ రకం. ఇది నింపదు. చర్మాన్ని గిల్లి, ‘నీ గోడ నువ్వే కట్టుకో’ అని పని పురమాయిస్తుంది. విడతలుగా వేయించుకుని నెలల తరబడి కాచుకు కూర్చోవాలి. క్లాసులో నా పద్ధతీ ఇదే, అందుకే పిల్లలకి నేనంటే పడేది కాదు. ఇంకోటి ప్లాస్టిక్ పూసలది, శాశ్వతం. ముఖం మాత్రం శాశ్వతం కాదుగా. ముఖం జారిపోయాక ఆ పూసలు ఎక్కడ తేలతాయో పూసలకే తెలియాలి. ఇవేవీ కాదంటే సొంత కొవ్వే తీసి పెడతారు, ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టు.

పాఠం అయింది. ఇక మన సంగతి. వానలు తగ్గగానే ఈ ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటాయనతో చెప్పేశాను. నా కూతురు మూతి ముడుచుకుంది. ‘పక్క వీధిలో కూతురుండగా, దర్జీ షాపు మీద రెండు గదుల్లో ఉంటున్న పిన్ని దగ్గరికి వెళ్తావా? జనం ఏమనుకుంటారు?’ అంది. వాళ్ళింట్లో గదికో టీవీ ఉంది. అందరూ టీవీ వైపు చూస్తూ మాట్లాడతారు. నువ్వు నా వైపు చూస్తూ మాట్లాడతావు. ఆ మాట దానికి చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

ఫోను చెయ్యకు. ఆ డబ్బా పాడైంది, అందులో నువ్వు మూకుట్లో ఆవాలు వేయిస్తున్నట్టు వినిపిస్తావు. ఎడమ చెవి పోయినా నా కుడి చెవి నిక్షేపంగా ఉంది, బెంగపెట్టుకోకు.

మీ అక్క


షాపు వెనక గదిలోంచి, లెన్సులు కోసే మిషను ఆగిన సందులో

అక్కా,

నీ పాఠం అందింది. నా కస్టమరుకి అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాను. ‘మీ అక్కగారు అంత కఠినంగా ఉంటారా’ అంది. ‘ఇది ఆవిడ మెత్తగా రాసిన ఉత్తరం’ అన్నాను.

పై గదిలో కిటికీ పక్కన నీ మంచానికి చోటు చేశాను. కింద దర్జీ పొద్దుట్నుంచీ మిషను తొక్కుతాడు, ఆ చప్పుడు నీకు చిరాకేమో అని భయపడ్డాను. నీకు అలవాటవుతుందిలే. పుస్తకాలు అన్నీ తేవద్దు. మెట్లు ఇరుకు, నువ్వు పుస్తకాలు రెండూ ఒకేసారి పట్టరు.

ఇక్కడ సంగతులు ఏమంత బాగా లేవు. చిన్న ఓనరు వాళ్ళ నాన్న, మా పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ముందు కౌంటరు నాదే. నువ్వు చూశావుగా, కస్టమరుని ఎదురుగా కూర్చోబెట్టి, ముక్కు మీద ఫ్రేము సర్ది, రెండు కళ్ళ మధ్య దూరం కొలిచి, అద్దం వాళ్ళ వైపు తిప్పేదాన్ని. చిన్న ఓనరు వచ్చాక షాపుకి కొత్త దీపాలు పెట్టించాడు. కొత్త దీపాల కింద పాతవన్నీ పాతగా కనపడతాయి కదా, వాటిలో నేనొకదాన్ని. మొన్న పిలిచి, ‘ఆంటీ, మీరు వెనక గదిలో లెన్సులు కోయించడం చూసుకోండి, ముందు ఫ్రెష్‌గా ఉండేవాళ్ళుంటే బాగుంటుంది’ అన్నాడు. నేనేమన్నా కూరగాయనా, ఫ్రెష్‌గా ఉండడానికి? ఆ మాట అనలేదు. ‘అలాగే బాబూ’ అన్నాను.

కస్టమర్లూ అంతే. ఫ్రేము పెట్టుకుని అద్దంలో తమని చూసుకోవాల్సిన వాళ్ళు, పక్కన నన్ను చూసి ‘ఒంట్లో బాగాలేదా అమ్మా?’ అంటారు. నాకు ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. నోటికి రెండు పక్కలా కిందకి జారిన ఆ గీతలే, నన్నడక్కుండా నా తరఫున ఏడుస్తున్నాయి. వెనక గదిలో కూర్చుంటే మాట్లాడటానికి మిషను తప్ప ఎవరూ లేరు. నాకు మనుషులు కావాలక్కా, నీకు తెలుసుగా.

అవునూ, మా కస్టమరు ఇంకోటి అడగమంది. నోటి పక్క గీతలకి ఆ మొదటి రకం వేస్తే నోరు బిగుసుకుపోతుందా?

నీ పిచ్చుక


వరండాలోంచి, వాన చూస్తూ

పిచ్చుకా,

మీ కస్టమరుకి చెప్పు. నోరు బిగుసుకుపోదు, మాట్లాడుతుంది, తింటుంది, అబద్ధాలు కూడా ఆడుతుంది. ఆ గీత మాత్రం పూడిపోతుంది.

ఇంకా చెప్పు. సూది పట్టుకునేది డాక్టరో, బ్యూటీపార్లరులో నాలుగు రోజులు చూసి నేర్చుకున్న అమ్మాయో ముందు తెలుసుకోమను. సీసా మీద పేరు చదవమను. కరిగించే ఎంజైము అక్కడే ఆ గదిలో ఉందా అని అడగమను. లేదంటే చెప్పులు తొడుక్కుని వచ్చెయ్యమను. సూది దారి తప్పి రక్తనాళంలో పడితే చర్మం తెల్లబడుతుంది, నొప్పి ఆగకుండా పెరుగుతుంది, చూపు మసకబారవచ్చు. అలాంటిదేదైనా జరిగితే ‘రేపు చూద్దాం’ అనుకోకుండా ఆ నిమిషమే వెనక్కి పరిగెత్తమను.

మీ కస్టమరంటే నాకెంత శ్రద్ధో చూశావా?

చిన్న ఓనరు మాట చదివి నాకు ఒళ్ళు మండింది. మీ పెద్దాయన నీకిచ్చిన కౌంటరది, వీడు తీసుకోవడానికి వీడబ్బ సొమ్మా అని రాయబోయి ఆగాను. నిజంగానే వాడబ్బ సొమ్ము. లోకం ఇలాగే ఉంటుంది, తిట్టడానికి కూడా సందివ్వదు.

పుస్తకాల సంగతి నాకొదిలెయ్. సగం కాలేజీకి ఇచ్చేస్తాను. బీరువా కూతురికి. కుర్చీ మాత్రం నాతోనే వస్తుంది, మెట్లు ఇరుకైతే మెట్లే సర్దుకోవాలి. నువ్వు ఒకసారి వచ్చి సామాను కట్టడానికి సాయం చెయ్యి. నువ్వొస్తే మాట్లాడుకోవచ్చు. ఈమధ్య నాకు ఎవరి మాటలూ రుచించడం లేదు.

మీ అక్క


నా గదిలోంచి, హడావుడిగా

అక్కా,

శుక్రవారం దిగుతాను, మూడు రోజులుంటాను. తాళ్ళు, అట్టపెట్టెలు నేనే తెస్తాను. ముఖం కొంచెం వాచినట్టుంటుంది, కంగారుపడకు. పంటి వాపు. డాక్టరుకి చూపించాను.

చిన్న ఓనరు నిన్న నన్ను ముందు కౌంటరుకి పిలిచాడు. అక్కడి అమ్మాయి సెలవు పెట్టింది. ఒక్క పూటకే అనుకో. కానీ ఆ అద్దం ముందు కూర్చుంటే నా ప్రాణం లేచొచ్చింది. వచ్చాక చెప్తాను, చాలా ఉన్నాయి.

నీ పిచ్చుక


వరండా

సోదరి గారికి,

మీరు క్షేమంగా చేరారని నా మనవరాలి ద్వారా తెలిసింది. సంతోషం. కట్టిన పెట్టెలు విప్పేశాను. ఇల్లు ఖాళీ చేయడం లేదని ఇంటాయనకి చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా ‘మాకూ మీరుంటేనే బాగుంటుందండీ’ అన్నాడు. బయటివాళ్ళు ఆ మాత్రం మొహమాటానికైనా అంటారు.

పై గదిలో మంచానికి చోటు చేశానన్నారు. దాన్ని ఇంకెవరికైనా ఇచ్చుకోండి.

పంటి వాపు తగ్గిందనుకుంటాను. రెండు చెంపల మీదా, నోటికి రెండు వైపులా ఒకే కొలతలో వాచే పన్నును నేను కెమిస్ట్రీలోనే కాదు, ఏ శాస్త్రంలోనూ చదవలేదు. బాగుంది. ఇస్త్రీ చేసిన దుప్పటిలా, మడత లేకుండా ఉంది. ఆ రోజే చెప్పేదాన్ని, మీరు పన్ను అన్నారు కదా అని మర్యాదకి ఊరుకున్నాను.

ఇట్లు
అక్క


షాపు, ముందు కౌంటరు (అవును, ముందు)

అక్కా,

ఆ ‘సోదరి గారు’ ఎవరో నాకు తెలియదు. ఆవిడకి రాసిన ఉత్తరం పొరపాటున నాకొచ్చింది, చించి పారేశాను. ఇక నాకు రాయి.

నేనేం చేశాను? బస్సెక్కేదాకా నాతో ముక్తసరిగా ఉన్నావు. అలసట అనుకున్నాను. ఉత్తరం చూశాక మూడు రోజులూ వెనక్కి తిరగేసి తిరగేసి చూసుకున్నాను. నీ మనవరాలికి ఫోను చేశాను. అది చెప్పింది. మూడో రోజు భోజనాల దగ్గర అది నన్ను, ‘చిన్నమ్మమ్మా, అమ్మమ్మొచ్చి మకాం పెడితే నీకు ఇబ్బంది కాదా?’ అనడిగింది. నేను, ‘నాకు ఒంటరిగా ఉండటమే హాయి తల్లీ, మొహమాటానికి రమ్మన్నాను, ఈవిడ నిజమనుకుంది’ అన్నాను. అది పడీ పడీ నవ్వింది. నువ్వు లేచి కంచం తీసుకుని లోపలికెళ్ళిపోయావు.

అక్కా, అది జోకు. పుట్టిన దగ్గర్నుంచీ నేను ఇలాంటివే వేస్తున్నాను. నాన్న పోయిన రోజు కూడా వేశాను, నువ్వు ఏడుస్తూ నవ్వావు. నా జోకు నీకు తెలియకపోవడమేమిటి?

సరే, పన్ను అబద్ధం. ఒప్పుకుంటాను. ఆ కస్టమరూ అబద్ధమే, నువ్వు మొదటి ఉత్తరంలోనే పట్టేశావు. నువ్వు చెప్పినవన్నీ అడిగాను. చర్మం డాక్టరమ్మ సీసా చూపించింది, ఎంజైము ఫ్రిజ్‌లో ఉందని తలుపు తీసి మరీ చూపించింది. ‘ఇంత బాగా తెలిసినవాళ్ళు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదండీ’ అంది. ‘మా అక్క పంపింది’ అన్నాను. మొద్దుబార్చే క్రీము రాసి కాసేపు కూర్చోబెట్టారు. తర్వాత తెల్ల పెన్సిలుతో నా ముఖం మీద గీతలు గీసింది, దర్జీ బట్ట మీద గీసినట్టే. నోటి పక్క గీతల్లో ఆ జిగురు రకం. చెంపలు నిలబడాలంటే కాల్షియం మేలంది. అది కరగదని నువ్వు రాసింది గుర్తుంది. అయినా కుర్చీలో వెనక్కి వాలాక లేచిపోవడానికి సిగ్గేసింది, సరేనన్నాను. సూది లోపలికి దిగుతుంటే నొప్పికన్నా ఒక చిన్న చిటపట చప్పుడు, ఎవరో లోపల్నుంచి గుసగుసలాడుతున్నట్టు.

నీకు ముందే చెప్తే ఏమంటావో తెలుసు, అందుకే చెప్పలేదు. నాకీ వయసులో సోకులెందుకని కాదు, నాకీ వయసులో కూర్చోవడానికి చోటు కావాలని. ఇవాళ మళ్ళీ కౌంటరులో కూర్చున్నాను. ఒంట్లో బాగాలేదా అని ఒక్కరూ అడగలేదు. నా ముఖం మీది గీత తీయించుకోవడానికి నాకు హక్కు లేదా?

ఇంకొకటి. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రెండో రోజు నువ్వు వరండాలో ఉన్నప్పుడు వంటింట్లోంచి నిన్ను పిలిచాను. మళ్ళీ పిలిచాను. పొయ్యి మీద టీ పొంగి చప్పుడు చేస్తోంది, నువ్వు తల తిప్పలేదు. నేను ఎదురుగా వచ్చి నిలబడి మామూలుగా అడిగితే మామూలుగా జవాబు చెప్పావు. అప్పుడు కోపమేమో అనుకున్నాను. కానీ అప్పటికి మనకింకా తగువే కాలేదు.

అక్కా, కుడి చెవి కూడా పోయిందా?

పిచ్చుక


వరండాలోంచి, వాన వెలిశాక

పిచ్చుకా,

పోయింది. పోయిన వానలప్పుడే. ఆ మందులూ ఈ మందులూ అయ్యాయి, మిషను పెట్టారు. అది అన్ని చప్పుళ్ళనీ ఒకేసారి నెత్తిన పోస్తుంది, మాటని మాత్రం వేరు చేసి ఇవ్వదు. డ్రాయరులో పడుకుంది. కూతురికి తెలియదు. తెలిస్తే రేపే నన్ను టీవీల ఇంట్లో కూర్చోబెడుతుంది. మర్యాదగా తల ఊపుతూ ఉంటే చాలామంది మనకి వినపడుతోందనే అనుకుంటారు, ఎందుకంటే వాళ్ళకి కావలసింది తల ఊపడమే.

నేను పెదాలు చదువుతాను. ఎవరూ నేర్పలేదు, అవసరం నేర్పింది. కూరలమ్మే ఆవిడని సగం చదవగలను. ఇంటాయనని మీసం వల్ల చదవలేను, అందుకే ఆయనతో అన్నిటికీ ఒప్పుకుంటాను, నీకు రాసిన ఆయన మర్యాద మాట కూడా నేను ఊహించుకున్నదే. నా కూతురు గోడతో మాట్లాడుతుంది, సగం ఊహించుకుంటాను. నా మనవరాలు మరీ వేగం. పూర్తిగా, ఒక్క అక్షరం పోకుండా నేను చదవగలిగిన ముఖం నీదొక్కటే. చిన్నప్పుడు నీ నోట్లో పళ్ళు రానప్పటి నుంచీ చూస్తున్నాను కదా.

ఇప్పుడు ఆ గీత సంగతి విను. పెదాలు మాటనే చెప్తాయి. ఆ మాటని ఏ గొంతుతో అన్నారో చెప్పవు. కోపమా, వెటకారమా, నిజమా, అదంతా చెవి చేసే పని. నాకు చెవి లేదు. నీ ఎడమ పక్క గీత ఉంది. నువ్వు జోకు వేసే ముందు పెదవి కదలకముందే ఆ గీత లోతుగా దిగేది, నవ్వుని లోపలికి మింగినట్టు. అది చూడగానే నాకు తెలిసిపోయేది, ఇప్పుడు రాబోయేది నిజం కాదని. అది కనపడకపోతే నువ్వు చెప్పేది నిజం. ఇంత కాలం నేను నీ గొంతు విన్నది అక్కడే.

ఆ రోజు భోజనాల దగ్గర నీ మాట పెదాల మీద స్పష్టంగా చదివాను. ‘మొహమాటానికి రమ్మన్నాను.’ గీత కోసం చూశాను. అక్కడ ఏమీ లేదు. నున్నగా ఉంది. ఆ పిల్ల నవ్వింది గానీ, అది కుర్చీ కిర్రుమన్నా నవ్వుతుంది. నేనేం నమ్మాలి?

జోకని ఇప్పుడు రాశావు. నమ్ముతున్నాను. ఒప్పుకుంటున్నాను కూడా, నీ ముఖం నీది, గీత నీది, దాన్ని తీయించుకోవడానికి నా సంతకం అక్కర్లేదు. కౌంటరు దక్కింది, నాకు నిజంగా సంతోషం. ఆ జిగురు కరిగించుకుంటానని మాత్రం రాయకు. నువ్వు రాస్తావని తెలుసు కాబట్టే ముందే చెప్తున్నాను.

కానీ నేను రాలేను. ఆ ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచీ నువ్వన్న ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది జోకా నిజమా అని తూచుకుంటూ బతకడం నా వల్ల కాదు. కోపం కాదిది. రాత్రి నుంచి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. నా కూతురైతే నాకు పరాయి భాష, అర్థం కాకపోయినా బాధ ఉండదు. నువ్వు అర్థం కాకపోతే నాకు ఇంకేం మిగలదు.

మీ అక్క


షాపు నుంచి, లంచి వదిలేసి

అక్కా,

నీ ఉత్తరం చదివి దుకాణం మధ్యలో ఏడ్చాను. కొత్త ముఖంతో ఏడిస్తే ఎలా ఉంటుందో అద్దంలో చూశాను. ఏడ్చినట్టే లేదు, జలుబు చేసినట్టుంది. నీ బాధ నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

చెవి సంగతి నాకెందుకు చెప్పలేదని అడగను. పన్ను వాపు మనిషిని, అడిగే ముఖం నాకు లేదు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ‘కరిగించాలి’ అన్నాను. ‘బాగా కుదిరిందండీ, ఎందుకు?’ అంది. ‘అంతా వద్దు, ఎడమ పక్క గీతొక్కటే’ అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

‘ఒక పక్కే కరిగిస్తే ముఖం వంకరగా కనపడుతుంది కదమ్మా?’

‘కనపడనీ. కస్టమర్లని కుడి వైపు కూర్చోబెట్టుకుంటాను.’

‘ఎందుకో చెప్పండి.’

‘మా అక్కకి వినపడాలి.’

ఆవిడ నన్ను మతి చెడిన మనిషిని చూసినట్టు చూసింది. మొత్తం చెప్పాను. విని, కింద పెట్టిన పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, తేనెటీగ కుట్టి ఎప్పుడైనా ముఖం వాచిందా అనడిగింది. ఆ ఎంజైము పడనివాళ్ళుంటారట, ముందు చేతి మీద పరీక్ష చేయాలట. మళ్ళీ ఆలోచించుకోమని, బుధవారం రమ్మంది. చెంపల్లో కాల్షియం మాత్రం తీయలేమంది, ఆ సంగతి నువ్వు ముందే చెప్పావు.

చిన్న ఓనరు ఏమంటాడో తెలియదు. సగం ఫ్రెష్‌గా ఉన్నదాన్ని సగం కౌంటరులో కూర్చోబెడతాడేమో. ఫరవాలేదు. మిషనుతో మాట్లాడుకుంటూ అయినా సాయంత్రానికి ఇంటికొస్తే నువ్వుంటావు. నువ్వు లేకుండా ముందు కౌంటరులో కూర్చుని ఏం చేసుకోను? కూర్చోలేకపోతున్నానక్కా, నిలబడలేకపోతున్నాను. కొలతలు తప్పుతున్నాయి. ఇవాళ ఒకాయన కళ్ళ మధ్య దూరం ఎంత వేశానంటే, గుర్రానికి కూడా అంత ఉండదు.

బుధవారం వెళ్తున్నాను. వద్దని రాయకు.

నీ పిచ్చుక


వరండాలోంచి, కట్టిన పెట్టెల మధ్య నుంచి

పిచ్చుకా,

వద్దు. బుధవారం వెళ్ళకు. వెళ్ళావంటే నీ ముఖం రెండు ఊళ్ళ మధ్య సరిహద్దులా ఉంటుంది. ఆ కుడి ఊరి వాళ్ళకి నేను జవాబు చెప్పుకోలేను.

ఎందుకు వద్దంటున్నానో విను. నీ ఉత్తరం అందిన రోజు మనవరాలిని పిలిచాను. అది ఏది పడితే అది ఫోన్లో వీడియో తీసే మనిషి కదా. నువ్వున్న మూడు రోజుల్లో ఏమేం తీసిందో చూపించమన్నాను. ‘శబ్దం పెంచనా అమ్మమ్మా?’ అంది. ‘అక్కర్లేదు, నాకు శబ్దం లేకపోతేనే బాగా అర్థమవుతుంది’ అన్నాను. అది నా ముఖం చూసింది. తెలివైన పిల్లే. అప్పుడు దానికీ చెప్పేశాను. వాళ్ళమ్మకి చెప్పనని ఒట్టేసింది. ఇంటికెళ్ళగానే చెప్పేసింది. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి ఏడ్చింది, అరిచింది. ఆ పెద్ద పెద్ద అరుపులు చక్కగా చదవగలిగాను. మొదటిసారి నా వైపు తిరిగి మాట్లాడింది.

భోజనాల దగ్గర వీడియో ఉంది. మొత్తం ఉంది. ముందు ముఖమే చూశాను, మళ్ళీ మళ్ళీ. ఏమీ దొరకలేదు. మీ డాక్టరమ్మ చేయి తిరిగినదే, ఒప్పుకోవాలి. విసుగొచ్చి ఫోను ఇచ్చేయబోతుంటే మనవరాలు, నాకు అందేలా నెమ్మదిగా, ‘చిన్నమ్మమ్మ చేతులేం చేస్తున్నాయి?’ అంది.

నీ చేతులు చూశాను. ‘మొహమాటానికి’ అనే మాటకి ముందు నీ కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ గాలిలో కలిసి చిన్నగా తిరిగాయి. కళ్లద్దాల కాడకి స్క్రూ బిగిస్తున్నట్టు. మిగతా వీడియోలు పెట్టించాను. పెట్టె కడుతూ ‘ఈ తాడు మీ అమ్మమ్మని కట్టడానికే తెచ్చాను’ అన్నప్పుడు కూడా బిగించావు. వీధిలో ఆటో అతనితో ‘నా పెళ్ళికి వేళైంది, త్వరగా పోనీ’ అన్నప్పుడు కూడా బిగించావు. ‘అక్కా, నువ్వొస్తే నాకు భయం తగ్గుతుంది’ అన్నప్పుడు నీ వేళ్ళు బల్ల మీద కదలకుండా ఉన్నాయి. ఆ మాట నువ్వన్నావని నాకు ఇప్పుడే తెలిసింది. అప్పుడు నేను తల దించుకుని తాడు ముడి వేస్తున్నాను. చూడకపోతే నాకు లేనట్టే కదా.

ఇన్నేళ్ళూ గీతనే చూస్తూ చేతులు చూడలేదు. ఇంకా ఏమేం ఉన్నాయో నీలో, అవన్నీ దగ్గరుండి చదువుకోవాలి. ఈ వయసులో కొత్త పాఠమంటే కష్టమే, కానీ నేను పరీక్షలకి భయపడే రకాన్ని కాదని నీకు తెలుసు.

కాబట్టి గీత అలాగే నున్నగా ఉండనీ. ఆ జిగురు దానంతటది పోయినప్పుడు పోతుంది, ఆ తర్వాత మళ్ళీ వేయించుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. కౌంటరు వదలకు. నా మీద ప్రేమతో వెనక గదికి వెళ్ళావంటే, రోజూ సాయంత్రం నువ్వు మోసుకొచ్చే ఆ విసుగంతా నేనే చదవాలి. ఒక్కటే షరతు. నాతో మాట్లాడేటప్పుడు చేతులు కొంగు కింద దాచకు. కాల్షియం రకం అరచేతుల వెనక కూడా వేస్తారని ఎక్కడో చదివాను. ఆ వైపు చూశావంటే మీ డాక్టరమ్మతో నేనే మాట్లాడాల్సి వస్తుంది.

ఇంటాయనకి మళ్ళీ చెప్పాను, ఖాళీ చేస్తున్నానని. ఈసారి ఆయన మీసం కింద ఏదో అన్నాడు. ఒప్పుకున్నాను.

శనివారం వస్తున్నాను. కూతురూ మనవరాలూ దిగబెడతారు. ఈలోగా నువ్వు ఒక పని చెయ్యాలి. మీ వంటింట్లో బల్బు సరిగ్గా నీ కుర్చీ వెనక గోడకి ఉంది. నువ్వు అక్కడ కూర్చుంటే వెలుగంతా నీ వీపు మీద పడి ముఖం చీకట్లో ఉంటుంది. కింద దర్జీని అడిగితే కరెంటు మేస్త్రీ ఎవరో చెప్తాడు. అతన్ని పిలిపించి ఆ బల్బు తీయించి, ఎదురు గోడకి, మనిషి ఎత్తుకి కాస్త పైన, నీ ముఖం మీదా చేతుల మీదా వెలుగు పడేలా పెట్టించు. పసుపు రంగు బల్బు కాదు, తెల్లది పెట్టమను. స్విచ్చి నా కుర్చీ పక్కన ఉండాలి. అతను వెళ్ళేలోపు నువ్వు అక్కడ కూర్చుని, దర్జీని నా చోట కూర్చోబెట్టి, నీ పెదాలు కనపడుతున్నాయో లేదో అడుగు. కనపడకపోతే మేస్త్రీని పంపకు, ఇంకో జానెడు కిందకి దింపించు.

మీ అక్క